ఇన్‌చార్జి బామ్మ నవ్వలేదు

తెర మీద గ్రైండర్ గవర్రాజు గిర్రున తిరిగి గాల్లోకి లేచాడు. పైకప్పుకి వీపు తగిలి, బల్లిలా అక్కడే అతుక్కుపోయి, కింద దోసెలు పోస్తున్న తల్లికి వినపడేలా "అమ్మా, నేనెగిరానే!" అని కేక పెట్టాడు. ఆవిడ తలెత్తలేదు. పెనం మీద నీళ్ళు చిలకరించి, "ఎలాగూ ఎక్కావు కదా, ఆ మూల సాలెగూడు దులిపి దిగు" అంది.

సరిగ్గా ఇక్కడ హాలు గొల్లుమంటుందని దర్శకుడు పరాంకుశం ఆశ. గొల్లుమనలేదు సరిగదా, గుల్లగా మిగిలింది. హాలంతా కలిపి ముందు వరసలో నాలుగు కుర్చీలు. వాటిలో నలుగురు మనుషులు: నాన్న, అమ్మ, బామ్మ, బాలుడు. బాలుడు నవ్వబోయాడు. చటుక్కున నోరు మూసుకుని అమ్మ చెవిలో ఏదో ఊదాడు. అమ్మ కాస్త ఆలోచించి నాన్న చెవిలో ఊదింది. నాన్న గొంతు సవరించుకుని బామ్మ చెవిలో ఊదాడు. బామ్మ మీసం దువ్వుకుంటూ ఆలోచనలో పడ్డారు.

అవును, బామ్మకి మీసం ఉంది. ఆ సంగతికే వస్తున్నాం.

ఈ గొడవకంతటికీ మూలం ఒక మూలకథ. చాలా ఏళ్ళ కిందట పేరు చెప్పనక్కర్లేని ఒక పెద్దాయన ఇంటిల్లిపాదినీ వెంటేసుకుని ఓ సూపర్‌హీరో సినిమాకి వెళ్ళాడు. హీరోకి శక్తి ఎలా వచ్చిందన్నదే అందులో కథ. అది తేలేలోగా పెద్దాయన నిద్రపోయాడు. ఆయన భార్య ముందు వరసల్లోవాళ్ళ చీరలు చూసుకుంది. మనవడు పాప్‌కార్న్ డబ్బా నెత్తిన బోర్లించుకున్నాడు. వాళ్ళ ముసలావిడ మాత్రం, "లోపల తొడుక్కోవాల్సింది పైన తొడుక్కున్నాడే, ఎవడర్రా వాడు?" అని శుభం కార్డు దాకా అడుగుతూనే ఉంది. బయటికొచ్చి చూస్తే పోస్టరు మీద 'సకుటుంబంగా చూసి ఆనందించండి' అని ఉంది. సకుటుంబంగా చూశాం, మరి ఆనందమేదీ అని పెద్దాయన అలిగాడు. మనలాంటివాళ్ళు అలిగితే అన్నం మానేస్తాం. పెద్దవాళ్ళు అలిగితే చట్టం పుడుతుంది.

అలా పుట్టిందే సకుటుంబ వినోద నిర్ధారణ మండలి. పొడి అక్షరాల్లో స.వి.ని.మం. సినిమా అన్న మాటని బాగా నమిలి ఉమ్మేస్తే ఎలా ఉంటుందో అలా ఉందని సినిమావాళ్ళు గొణుక్కున్నారు. ఇక మీదట 'సకుటుంబం' అన్న మాట పోస్టరు మీద వెయ్యాలంటే ఒక కుటుంబం ఆ సినిమా చూసి, సక్రమంగా వినోదించినట్టు మండలి ధ్రువీకరించాలి. బయటి కుటుంబాల్ని నమ్మడానికి లేదు, టికెట్టు ఊరికే ఇస్తే ఎవరైనా నవ్వుతారు. కాబట్టి ప్రభుత్వమే ఒక కుటుంబాన్ని ఏర్పాటు చేసింది.

నాన్న పోస్టులో పంచాయతీరాజ్ నుంచి అప్పలస్వామి డెప్యుటేషన్ మీద వచ్చాడు. అమ్మగా ఉద్యానవన శాఖ నుంచి శకుంతల వచ్చింది. ఇద్దరికీ సీనియారిటీ తగాదా ఉండటం వల్ల చూడగానే భార్యాభర్తలనిపించేది. బాలుడు వీరభద్రం కారుణ్య నియామకం కింద పదేళ్ళప్పుడు చేరాడు. బాలుడెప్పుడు రిటైరవ్వాలో నిబంధనల్లో రాయడం మర్చిపోయారు. ఇప్పుడతనికి గడ్డం ఉంది, ఇద్దరు పిల్లలున్నారు, కదిలించకూడదని కోర్టు స్టే ఉంది. బామ్మ పోస్టు మొదట్నించీ ఖాళీ. మగవాళ్ళకిచ్చే పోస్టు కాదు, ఆడవాళ్ళెవరూ తమకి బామ్మ వయసుందని దరఖాస్తులో ఒప్పుకోరు. అందుకని ఆఫీసు సూపరింటెండెంటు కోటంరాజుగారికి 'ఇన్‌చార్జి బామ్మ'గా అదనపు బాధ్యతలు అప్పగించారు. మీసం ఆయన సొంతం, బామ్మతనం ప్రభుత్వానిది.

మండలి అధ్యక్షులు గంభీరరావుగారు. భూగర్భ జలాల శాఖలో పనిచేసినంత కాలం భూమిలో నీళ్ళు వెతికిన మనిషి, మనిషిలో నవ్వు వెతకలేడా అని ఇటు వేశారు. అక్కడా ఆయన తవ్వించిన బోర్లలో ఎక్కువ భాగం బోరే కొట్టాయని వినికిడి.

షో అయ్యాక పరాంకుశం ఆయన గదిలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పక్కన నిర్మాత బంగార్రాజు, సామర్లకోటలో రైస్ మిల్లు యజమాని.

"నవ్వు రాలేదు" అన్నారు గంభీరరావుగారు.

"బాలుడుగారికి వచ్చిందండీ. నేను చూశాను" అన్నాడు పరాంకుశం.

"వచ్చి ఉండవచ్చును. అది ప్రతిపాదన మాత్రమే. నవ్వు క్రింది స్థాయిలో ఉత్పన్నమై, బాలుని నుండి తల్లికి, తల్లి నుండి తండ్రికి, తండ్రి నుండి బామ్మకు సమర్పించబడవలెను. బామ్మ ఆమోదించిన పిమ్మట నలుగురూ ఏకకాలమున నవ్వెదరు. దానినే సకుటుంబ వినోదం అందురు. ఎవరికి వారు నవ్వుకొనినచో అది విడివిడి వినోదం."

"కానీ అండీ, అంత దూరం వెళ్ళి వచ్చేసరికి సీను అయిపోతోంది."

"సీను ఆగవలెను. కుటుంబం కొరకు ఆగని సీను కుటుంబ చిత్రమున ఎందుకు?"

పరాంకుశం కో-డైరెక్టరుగా పెద్ద డైరెక్టరు కో అంటే తను కో కో అంటూ జుట్టు నెరిసేదాకా పరిగెత్తిన మనిషి. ఇన్నాళ్ళకి తన పేరుతో ఒక సినిమా. టిఫిన్ హోటల్లో పిండి రుబ్బే కుర్రాడికి వానాకాలంలో తడి గ్రైండరు షాక్ కొడితే ఎగిరే శక్తి వస్తుంది. ఆ శక్తితో వాడు కల్తీ నూనె కనకారావు అనే దుర్మార్గుడి పని పడతాడు. కథ అంతే. ఎగురుడు, ఫైట్లు, కనకారావు, అన్నీ జనం కోసం. ఆ సాలెగూడు సీను ఒక్కటే తన కోసం.

ఆ తల్లి అతని తల్లే. సామర్లకోట స్టేషన్ రోడ్డులో టిఫిన్లమ్మే పాపాయమ్మ. చిన్నప్పుడు అటక ఎక్కి "అమ్మా, చూడవే ఎంతెత్తుకెక్కానో" అంటే ఆవిడ అచ్చంగా ఆ మాటే అంది. సినిమాల్లో పని దొరికిందని పరిగెత్తుకెళ్ళి చెబితే, "అలాగా, వచ్చేటప్పుడు కరేపాకు పట్రా" అంది. ప్రపంచంలో ఎంతటి వీరుడైనా ఇంటికెళితే ఒక పని చెబుతారు. అది తెలిసిన రోజే మనిషికి కాళ్ళు నేలమీద ఆనుతాయి. సినిమా మొత్తం అతను ఆ ఒక్క ముక్క కోసమే తీశాడు. అది పోతే తక్కినదంతా ఎవరి సినిమా అయినా ఒకటే.

"వేసంకాలం సెలవుల్లోగా రిలీజవ్వాలండి బాబూ" అన్నాడు బంగార్రాజు. "బడులు తెరిచేశాక ఎవడొత్తాడండీ? ఏం మార్చమంటే అది మార్చేత్తాం. ఏటి పరాంకుశంగారూ, మార్చేత్తాం కదా?"

పరాంకుశం తల ఊపాడు. ఊపిన తల నిలువుగా ఊగిందో అడ్డంగా ఊగిందో అతనికే తెలియలేదు.

మొదటి సవరణ ఎగరడం గురించి.

"కథానాయకుడు కుటుంబమునకు తెలియపరచకుండా ఎగిరినాడు. ఇది ఎట్లు కుటుంబ చిత్రమగును?" అన్నారు అధ్యక్షులు.

"షాక్ కొట్టిందండీ. షాక్ ముందుగా చెప్పి కొట్టదు కదండీ."

"కొట్టవలెను. కుటుంబ చిత్రమున విద్యుత్తు సైతం మర్యాద పాటించవలెను."

సరే, మర్యాదగల షాక్ తీశారు. గవర్రాజు ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టి, "నాకు రేపు సాయంత్రం షాక్ కొడుతుంది, మీకేమన్నా అభ్యంతరమా?" అని అడుగుతాడు. నాన్న కరెంటు బిల్లు గురించి మాట్లాడతాడు. అమ్మ వారం బాగాలేదంటుంది. ముహూర్తం పెట్టించి, మామిడాకులు కట్టి, గ్రైండరుకి బొట్టు పెట్టాక షాక్ కొడుతుంది.

ప్రభుత్వ కుటుంబం చూసింది. బాలుడు ప్రతిపాదించాడు, అమ్మ సిఫారసు చేసింది, నాన్న పైకి పంపాడు. ఇన్‌చార్జి బామ్మ నవ్వలేదు.

రెండో సవరణ వాటాల గురించి. ఒక్కడే ఎగిరితే అది ఏక వ్యక్తి వినోదం కాబట్టి ఎగురుట కుటుంబ సభ్యులందరికీ సమానంగా పంచాలన్నారు. బంగార్రాజు ఇంకో క్రేను తెప్పించాడు. ఇప్పుడు తెర మీద నాన్న పంచె ఎగ్గట్టి ఎగిరాడు, అమ్మ అట్లకాడతో ఎగిరింది, బామ్మ నడుం పట్టుకుని ఎగిరింది, చిన్నపిల్ల బడి సంచితో ఎగిరింది. దుర్మార్గుడు కనకారావుని కూడా పరాయివాడుగా ఉంచకూడదన్నారు. చుట్టరికం కలిపి మేనమామని చేశారు. మేనమామని కొడితే అమ్మ పుట్టింటివాళ్ళకి అవమానమని అభ్యంతరం వచ్చింది. కాబట్టి అతను సరిగ్గా భోజనాల వేళకి వస్తాడు, కాళ్ళు కడుక్కుంటాడు, రెండోసారి పెరుగు వేయించుకుంటాడు, వెళ్ళిపోతాడు. సినిమాలో దుర్మార్గమంటే ఆ పెరుగే.

ఇన్‌చార్జి బామ్మ నవ్వలేదు.

మూడోసారి గంభీరరావుగారికి తాత్త్విక సందేహం కలిగింది. "అందరూ ఎగిరిన యెడల కథానాయకుని ప్రత్యేకత ఏమి?"

బంగార్రాజు జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "అదే కదండీ మేం మొదట్లో..."

"కనుక కథానాయకుడు ఎగురరాదు. సకల జనులూ ఎగురుచుండగా నేలపై నిలిచిన ఒకే ఒక్కడు. అదియే అసాధారణ శక్తి."

దాంతో హీరోకి శక్తి ఎలా వచ్చిందో చెప్పే సినిమాలో హీరోకి తప్ప అందరికీ శక్తి వచ్చింది. గవర్రాజు వీధిలో నిలబడి పైకి చూస్తుంటాడు, పైనుంచి వీధి వీధంతా అతనికి టాటా చెబుతుంది. మూలకథలో మూలం మూలకి పడింది, కథ గోడకి జారబడింది.

మిగిలింది సాలెగూడు సీను. అందులో హీరో ఒక్కడే ఎగిరి పైకప్పుకి అతుక్కుంటాడు. దాన్ని పరాంకుశం ఎవరికీ కనపడనట్టు మధ్యలో అలాగే ఉంచేశాడు. గంభీరరావుగారికి కనపడింది.

"ఈ దృశ్యమున తీవ్రమైన మాతృత్వ లోపం గలదు" అన్నారు. "పుత్రుడు గగనమున కెగసినను తల్లి ఆశ్చర్యపడలేదు, ఆనందబాష్పములు రాల్చలేదు, పైపెచ్చు ఇంటి పని చెప్పినది. ఇట్టి తల్లిని చూచి రాష్ట్రమందలి తల్లులు ఏమనుకొందురు?"

"వాళ్ళూ అదే అంటారండీ."

"తొలగింపుడు."

"తొలగించనండీ."

ఆ మాట అన్నది తనేనని పరాంకుశానికి కాసేపటికి గానీ నమ్మకం కుదరలేదు. బంగార్రాజు అతన్ని వరండాలోకి లాక్కొచ్చాడు.

"ఏటండీ ఇది! ఇంటిల్లిపాదినీ ఎగరేయమంటే ఎగరేశారు, హీరోని దింపేయమంటే దింపేశారు. ఈ బూజు ముక్క దగ్గరకొచ్చి భీష్మించుకుంటారేటండీ?"

"అది ఒక్కటే నాది బంగార్రాజుగారూ. తక్కిందంతా తీసుకోండి."

"శుక్రవారం ఆఖరి షో అన్నాడాయన. ఆ సీనుతో పాసయ్యిందా, సరే. అవ్వలేదా, ఆ ముక్క కోసేసి, మీ పేరు తీసేసి, మా బావమరిది పేరేసి వదిలేత్తాను. నాకు సెలవులు ముఖ్యం. ఏవనుకోకండి, మీరంటే నాకు గౌరవమే."

గౌరవం ఉన్నవాళ్ళే మెత్తగా కోస్తారు. పరాంకుశం క్యాంటీన్లోకి వెళ్ళి కూర్చున్నాడు. ఎదురు బల్ల దగ్గర ఇన్‌చార్జి బామ్మ కోటంరాజుగారు టీలో బిస్కెట్టు ముంచుకుంటున్నారు.

"సార్, ఒక్కటి చెప్పండి. మీకు ఆ సీను నిజంగా నవ్వు రాలేదా?"

కోటంరాజుగారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "రాకపోవడమేమిటయ్యా! రాత్రి మా ఆవిడకి చెప్పి పొట్టచెక్కలయ్యేలా నవ్వాను. అయితే అది ప్రైవేటు నవ్వు. ఆఫీసు నవ్వు వేరు. నేను త్వరలో రిటైరవుతున్నాను. ఇప్పుడు నవ్వేశాననుకో, రేపెవరికో ఆ సినిమా నచ్చలేదనుకో, 'అప్పుడు ఎందుకు నవ్వితిరి' అని నా పెన్షను ఆపుతారు. నవ్వనందుకు ఈ దేశంలో ఎవడి పెన్షనూ ఆగలేదు నాయనా."

ఆ లాజిక్కుకి తిరుగులేదు. పరాంకుశం మూడు రోజులు అన్నం సహించక తిరిగాడు. సంగతి ఎవరో సామర్లకోటకి ఫోన్లో చేరవేశారు. శుక్రవారం పొద్దున్న మండలి ఆఫీసు వరండాలో, టిఫిన్ క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని, పాపాయమ్మ కూర్చుని ఉంది.

"ఏరా, తినటం మానేశావంట? పెద్ద డైరెక్టరువైపోయావని ఒళ్ళు కూడా ఎక్కువైందా? కూకో. పెసరట్టు చల్లారిపోతంది."

"అమ్మా, లోపల ఆఖరి షో ఉందే. తర్వాత తింటాను."

"ఏం సినిమారా?"

"నాదే."

"అలాగా. తిని తీసుకో."

అప్పటికే తీసేసిన సినిమాని తిని తీసుకోమంటోంది. అతను ఏదో చెప్పబోయేంతలో లోపల్నించి కలకలం వినపడింది. ఇన్‌చార్జి బామ్మగారు సెలవు పెట్టారు. కారణం, వాళ్ళమ్మాయికి కొడుకు పుట్టాడు. బామ్మగా పనిచేస్తున్న మనిషి నిజంగానే తాత అయిపోయి, తాతగా తన హక్కులు వినియోగించుకోవడానికి అనకాపల్లి వెళ్ళిపోయారు.

గంభీరరావుగారు నిబంధనలు తిరగేశారు. బామ్మ లేనప్పుడు ఆ విధులను 'ఆవరణలో లభ్యమగు వృద్ధ స్త్రీ' ఎవరైనా నిర్వర్తించవచ్చునని ఉంది. ఆయన తల బయటికి పెట్టి వరండా ఆ చివర్నుంచి ఈ చివరికి చూశారు. లభ్యమగు వృద్ధ స్త్రీ పెసరట్టు విప్పుతోంది.

"ఆవిడ మా అమ్మండీ!" అన్నాడు పరాంకుశం కంగారుగా.

"ఈ క్షణం నుండి ఆమె ప్రభుత్వ బామ్మ. రక్త సంబంధములు కార్యాలయ వేళల్లో చెల్లవు."

పాపాయమ్మని తీసుకెళ్ళి మొదటి కుర్చీలో కూర్చోబెట్టారు. నాన్న అప్పలస్వామి ఆవిడకి పని వివరించాడు. "చూడండమ్మా. బాలుడికి నవ్వొస్తే అమ్మకి చెబుతాడు, అమ్మ నాకు చెబుతుంది, నేను మీకు చెబుతాను. మీరు సరేనంటే అందరం నవ్వుతాం."

"మీకు నవ్వొత్తే నాకెందుకు చెప్పటం? నాకేమన్నా పన్లేదా?"

"అది పద్ధతమ్మా."

"మా కొట్లో ఇలాగైతే ఇడ్లీ అడిగినోడు సచ్చిపోతాడు" అంటూ ఆవిడ కాళ్ళు రెండూ పైకి పెట్టుకుని కూర్చుంది. గడ్డం బాలుణ్ణి ఎగాదిగా చూసింది. "ఈడు బాలుడా? ఈడికో బాలుడుండాలే!"

వీరభద్రం కిసుక్కుమన్నాడు. సినిమా ఇంకా మొదలవలేదు కాబట్టి దాన్ని ఎవరికి సమర్పించాలో తెలియక మింగేశాడు.

దీపాలార్పారు. పరాంకుశం వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాడు. తెర మీద మామిడాకులు కట్టిన గ్రైండరు కనపడింది. ఇంటిల్లిపాదీ గాల్లోకి లేచారు.

"ఇదేటర్రా!" అంది పాపాయమ్మ. "అందరూ ఎగిరిపోతే పొయ్యిమీద పప్పెవరు చూత్తారు?"

శకుంతల చీర కొంగు నోటికడ్డం పెట్టుకుంది. దస్త్రంలో లేని నవ్వు అది. కనకారావు వచ్చి రెండోసారి పెరుగు వేయించుకున్నాడు. "వడ్డించే ఆవిడకి బుద్ధుండాలి, గిన్నె దగ్గరెట్టేసుకుంటారా?" అంది పాపాయమ్మ. అప్పలస్వామి భుజాలు కదలడం మొదలెట్టాయి.

అంతలో సాలెగూడు సీను వచ్చింది. గవర్రాజు పైకప్పుకి అతుక్కున్నాడు. "అమ్మా, నేనెగిరానే!" తల్లి నీళ్ళు చిలకరించింది. "ఎలాగూ ఎక్కావు కదా, ఆ మూల సాలెగూడు దులిపి దిగు."

పాపాయమ్మ కాళ్ళు కిందికి దించింది. మెల్లగా లేచింది. ప్రొజెక్టర్ వెలుగులోకి వెళ్ళి తెరకి అడ్డంగా నిలబడింది. ఆవిడ కొప్పు నీడ సరిగ్గా గవర్రాజు మొహం మీద పడింది.

"ఓరి నీ ఇల్లు బంగారంగానూ! ఇది నేనేరా!"

"అమ్మా, కూర్చోవే..."

"కూకోవడమేటి! మనింటి సాలెగూడు ఊరందరికీ చూపించేత్తావా? రేపు స్టేషన్ రోడ్డులో నా ఇడ్లీ ఎవడు తింటాడ్రా, బూజు పడిందేమో అనుకోడూ?"

"అది సినిమా అమ్మా!"

"సినిమా అయితే అబద్ధం చెబుతావా? చూడండి బాబూ" అంటూ ఆవిడ ప్రభుత్వ కుటుంబం వైపు తిరిగింది. తెర మీద గవర్రాజు బుద్ధిగా చీపురందుకుని దులుపుతున్నాడు. "చూశారా, ఎంత శుభ్రంగా దులుపుతున్నాడో! ఆ రోజు వీడు దులిపాడేటి? దులపలేదు! దులపమన్నానని అలిగి అటకమీదే నిద్దరోయాడు. పక్కింటి సత్తిబాబుని బతిమాలి దింపించాను. ఆ సాలెగూడు ఇయ్యాల్టికీ అక్కడే ఉంది! సొంతింట్లో చేతకానోడు సినిమాలో దులుపుతాడంట, పెద్ద హీరో!"

ముందుగా వీరభద్రం పేలాడు. సమర్పణలు లేవు, సిఫారసులు లేవు. శకుంతల అప్పలస్వామి భుజం మీద వాలిపోయి నవ్వింది. అప్పలస్వామి సీనియారిటీ తగాదా మర్చిపోయి ఆవిడ చెయ్యి పట్టుకుని నవ్వాడు. వెనక బంగార్రాజు గోడకి చెయ్యానించి వంగిపోయాడు. పై స్థాయిలో ఉన్న బామ్మే మొదలెట్టాక కింది వాళ్ళకి అనుమతితో పనేముంది? నీళ్ళు పైకెక్కాలంటే మోటారు కావాలి గానీ, కిందికి దిగడానికి ఏం కావాలి?

అప్పుడు ఒక వింత చప్పుడు వినపడింది. పాత బోరింగు కొడితే ముందు గాలి వచ్చినట్టు, తర్వాత తుప్పు వచ్చినట్టు. గంభీరరావుగారు. ఎవరూ తవ్వని చోట ఊట పడింది. ఆయన నవ్వుతూ నవ్వుతూనే భయపడి, నవ్వు ఆపడానికి మంచినీళ్ళు తాగబోయి, ఆ నీళ్ళు కూడా నవ్వేశారు.

మధ్యాహ్నానికి తేరుకుని, ముందస్తు అనుమతి లేకుండా నవ్వినందుకు తనకి తానే మెమో ఇచ్చుకుని, తన సంజాయిషీ తనే పరిశీలించి, ఈసారికి తనని హెచ్చరించి వదిలేశారు. తర్వాత తీర్పు చదివారు.

"వినోదం సంభవించినది నిజం. కానీ అది చిత్రం వలన కాదు. చిత్రము చూచుచు తల్లి పెట్టిన చీవాట్ల వలన సంభవించినది. కావున వినోదమునకు మూలం చిత్రం కాదు, తల్లి."

పరాంకుశం ఒక అడుగు ముందుకేశాడు. "అంటే... ఫెయిలా అండీ?"

"కాదు. చీవాట్లకు మూలం సాలెగూడు దృశ్యం. కనుక సదరు దృశ్యం యథాతథముగా ఉండవలెను. ఒక్క ముక్కయు కోయరాదు. అమ్మగారు కుటుంబ ఎగురుడును మెచ్చలేదు కనుక అందరినీ దింపివేసి, కథానాయకుని తిరిగి ఎగురవేయుడు. మేనమామను కనకారావుగా పునరుద్ధరింపుడు. అయితే ఒక షరతు. ప్రదర్శన జరుగు ప్రతి చోట దర్శకుని తల్లి హాజరై, చిత్రమును చీవాట్లు పెట్టవలెను."

"అన్ని చోట్లకి ఒక్క అమ్మ ఎలా వెళుతుందండీ?" అన్నాడు బంగార్రాజు.

గంభీరరావుగారి కళ్ళు మెరిశాయి. అలాంటి ప్రశ్నలే మండళ్ళని బతికిస్తాయి.

వారం తిరక్కుండా 'థియేటర్ మాత' పోస్టులకి ప్రకటన పడింది. అర్హత: సొంత కొడుకునైనా, కూతురినైనా పదిమందిలో తిట్టిన అనుభవం. బామ్మ పోస్టుకి ఒక్కరూ రాని చోట దీనికి బస్టాండు దాకా క్యూ కట్టారు. అనుభవం లేనివాళ్ళు దొరకలేదు. ఇక ప్రతి హాల్లోనూ ముందు వరసలో ఒక మాత. ఫైటింగులొస్తే "చొక్కా చింపుకున్నాడు, కుట్టేదెవరు?" అని మాత. దెయ్యం సినిమా అయితే "ముందు ఆ జుట్టు ముడేసుకోవే" అని దెయ్యానికి మాత. హీరో వాన పాట పాడుతుంటే "జ్వరం వత్తే తెలుత్తుంది" అని మాత. డైరెక్టర్లు కథలు వినిపించడానికి హీరోల దగ్గరికి పోవడం మానేసి తల్లుల దగ్గరికి పోతున్నారు. చీవాట్లు బాగా పడ్డ సినిమా ఆడుతుంది, మెచ్చుకున్న సినిమా ఎగిరిపోతుంది. మాత మెచ్చుకుందన్న ఒక్క పుకారుతో ఒక పెద్ద సినిమా శనివారానికే కనపడకుండా పోయింది.

సెలవులింకా మిగిలుండగానే 'గ్రైండర్ గవర్రాజు' విడుదలైంది. మొదటి ఆట సామర్లకోటలో. పరాంకుశం పేరు పోస్టరు మీద పెద్ద అక్షరాల్లో ఉంది. హాలు ముఖద్వారంలో గవర్రాజు కటౌటు, దాని పక్కన బొట్టు పెట్టిన నిజం గ్రైండరు. కటౌటుకి దండ వెయ్యమని బంగార్రాజు నిచ్చెన తెప్పించాడు. పరాంకుశం ఎక్కాడు. ఆఖరి మెట్టు మీద నిలబడి చూస్తే స్టేషన్ రోడ్డు మొత్తం కనపడింది. పిల్లల్ని భుజాలకెత్తుకున్న నాన్నలు, జడల్లో పూలు సర్దుకుంటున్న ఆడవాళ్ళు, చేతికర్రలతో ముసలివాళ్ళు. ఇంత కాలం అతను ఎవరెవరి షూటింగుల్లోనో పక్కకి తోసిన జనం, ఇవాళ అతని సినిమాకి తోసుకుంటున్నారు.

"అమ్మా!" అని కేక పెట్టాడు. "చూడవే, ఎంతమందొచ్చారో!"

పాపాయమ్మ గుమ్మం దగ్గర గంభీరరావుగారి పక్కన నిలబడి, ఆయనకి పెసరట్టులో అల్లం ఎంత వెయ్యాలో చెబుతోంది. తలెత్తలేదు.

"ఎలాగూ ఎక్కావు కదా" అంది. "ఆ బోర్డు మూల సాలెగూడుంది, దులిపి దిగు."

ఆ జనంలో సినిమా ఇంకా ఎవరూ చూడలేదు. ఆ మాట సినిమాలో ఉందని ఒక్కరికీ తెలియదు. అయినా రోడ్డు రోడ్డంతా ఒక్కసారి గొల్లుమంది. నాన్నలు నవ్వారు, అమ్మలు నవ్వారు, భుజాల మీది పిల్లలు ఎందుకో తెలియకుండా నవ్వారు. వాళ్ళందరి ఇళ్ళల్లోనూ ఏదో ఒక మూల ఆ సాలెగూడు ఉంది.

గంభీరరావుగారు నవ్వు ముంచుకొస్తుంటే పెదవులు బిగించి, పాపాయమ్మ వైపు వినయంగా చూశారు.

"ఊఁ, నవ్వండి బాబూ" అందావిడ. "ఆపుకుంటే పక్షవాతం వత్తది."

నిచ్చెన మీద పరాంకుశం చొక్కా చేతులు మడిచాడు. ఈసారి దులిపాడు.